రాజశకటయాత్రా చిత్రకారుడు వాన్ డెర్ మ్యూలెన్

ఆడమ్ ఫ్రాన్స్ వాన్ డెర్ మ్యూలెన్ 1632లో, స్పెయిన్ ఏలుబడిలోని నెదర్లాండ్స్ దేశమున బ్రస్సెల్స్ నగరమునందు జన్మించెను. పీటర్ స్నేయర్స్ కడ యుద్ధచిత్రరచన నేర్చి, 1664లో ఫ్రాన్సు ప్రభువు పదునాలుగవ లూయీ కొలువున చేరెను.

రాణి మరియా థెరీసాకు పుట్టింటి వారసత్వహక్కు కలదని వాదించి లూయీ 1667లో ఆ దేశముపై దండెత్తెను. చిత్రకారుడు సేన వెంట నడచి పురములను, కోటలను ప్రత్యక్షముగ చూచి రేఖాచిత్రములు గీసికొనెను. అరాస్ నగరప్రవేశ చిత్రమున రాణి శకటము కేవలము అలంకారము కాదు. యుద్ధము ఆమె పేరిట సాగినది గావున అది హక్కునకు చిహ్నము.

జన్మదేశముపై సాగిన జైత్రయాత్రను విజేత పక్షమున చిత్రించుట ఇతని జీవితమందలి వైరుధ్యము. 1673లో రాజపోషిత చిత్రకళా పరిషత్తున సభ్యుడై, 1690లో పారిస్‌నందు మరణించెను. ఇతని చిత్రములు చరిత్రకు ఉపాదేయములే; కాని ప్రశస్తిశాసనములవలె వానిని పరీక్షించి గ్రహింపవలెను.