ఏటికి ఎదురీదిన రైతు

జెట్ బోటు అనగానే మనకి విమానం ఇంజను గుర్తొస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. జెట్ బోటులో ఉండేది మామూలు కారు ఇంజను లాంటిదే. అది ఒక పంపుని తిప్పుతుంది. పంపు పడవ అడుగున ఉన్న జాలీలోంచి నీళ్లు లాగి వెనక్కి చిమ్ముతుంది, పడవ ముందుకు పోతుంది. న్యూటన్ మూడో సూత్రం, ఇంటర్‌లో బట్టీ పట్టిందే. దాన్ని నదుల్లో పనికొచ్చే పడవగా మార్చింది మాత్రం ఏ ప్రొఫెసరూ కాదు. న్యూజిలాండ్‌లో గొర్రెలు పెంచుకునే ఒక రైతు. పేరు బిల్ హామిల్టన్.

పూర్తి పేరు చార్లెస్ విలియం ఫీల్డెన్ హామిల్టన్. 1899 జూలై 26న సౌత్ కాంటర్‌బరీలో ఫెయిర్‌లీ ఊరి దగ్గర ఆష్విక్ అనే గొర్రెల స్టేషన్‌లో పుట్టాడు. అక్కడ స్టేషన్ అంటే వేల ఎకరాల పశువుల క్షేత్రం, రైలు స్టేషన్ కాదు. 1921లో, ఇంకా 22 నిండీ నిండకుండానే, మెకంజీ ప్రాంతంలో టెకాపో సరస్సు దగ్గర ఐరిష్‌మన్ క్రీక్ అనే క్షేత్రం కొన్నాడు. చుట్టూ ఎండిన గడ్డి, వెనక మంచు కొండలు, చలికాలంలో కరెంటు లేని చీకటి. రెండేళ్ల తర్వాత పెగ్గీని పెళ్లి చేసుకున్నాడు.

నాకు బాగా నచ్చిన ఘట్టం ఇక్కడే ఉంది. వర్క్‌షాపుకి కరెంటు కావాలి. కరెంటు కావాలంటే వాగు మీద ఆనకట్ట కట్టాలి. ఆనకట్టకి మట్టి తవ్వాలి, తవ్వే యంత్రం లేదు. సరే, ముందు ఆ యంత్రమే తయారుచేద్దాం అనుకున్నాడు. చేశాడు. ఆనకట్ట లేచింది, కరెంటు వచ్చింది, వర్క్‌షాపు నడిచింది. ఆ మట్టి యంత్రాలు అమ్ముడుపోయి చివరికి అదే వ్యాపారమైంది. మనం మినీ ప్రాజెక్టుకి టాపిక్ దొరకట్లేదని నెల రోజులు తిరుగుతాం. ఈయనకి టాపిక్‌లు అవసరాల్లోంచే పుట్టాయి.

మధ్యలో కార్ల పిచ్చి కూడా ఉంది. సన్‌బీమ్ కారుని గంటకు 100 మైళ్లు దాటించాడు, 1930లో ఇంగ్లండ్ వెళ్లి బ్రూక్‌లాండ్స్‌లో బెంట్లీతో పందేల్లో పాల్గొన్నాడు. యుద్ధకాలంలో అదే పల్లె వర్క్‌షాపులో సైన్యానికి సామాను తయారైంది. 1948లో ఫ్యాక్టరీ క్రైస్ట్‌చర్చ్‌కి మారింది.

అసలు కథ 1950ల మొదట్లో. ఆయన ఇంటి చుట్టుపక్కల నదులు మన గోదావరిలా నిండుగా పారవు. గులకరాళ్ల మీద పాయలు పాయలుగా, మోకాలి లోతున, విపరీతమైన వేగంతో పరిగెడతాయి. మామూలు పడవకి కింద ఫ్యాను రెక్కలుంటాయి. రాయి తగిలిందా, విరిగి ఊరుకుంటాయి. అలాంటి నదిలో పైకి ఎదురెళ్లే పడవ కావాలన్నది ఆయన పట్టుదల. అప్పటికి అమెరికాలో హాన్లీ హైడ్రోజెట్ అనే పద్ధతి ఉంది. పంపు నీళ్లని పడవ అడుగునుంచి చిమ్మేది. 12 అడుగుల ప్లైవుడ్ పడవలో ఫోర్డ్ కారు ఇంజను పెట్టి ఆ పద్ధతిలోనే మొదలుపెట్టాడు. కదిలింది గానీ వేగం లేదు. అప్పుడు దగ్గర పనిచేసే జార్జ్ డేవిసన్ అనే ఆయన, చిమ్మే గొట్టాన్ని నీటి అడుగునుంచి తీసేసి నీటి మట్టానికి కాస్త పైన, పడవ వెనక భాగంలో పెడదామన్నాడు. అంతే, పడవ స్వభావమే మారిపోయింది. కింద వేలాడే భాగం పోయింది, వేగం పెరిగింది. పడవ లేచి నీటి మీద జారుతున్నప్పుడు జానెడు లోతు ఉన్నా సరిపోతుంది.

హామిల్టన్ ఎప్పుడూ ఇది నా ఆవిష్కరణ అని చెప్పుకోలేదు. ఆ గౌరవం ఆర్కిమిడీస్‌కి ఇచ్చేవాడు. కానీ ఒక పద్ధతి ఉండటం వేరు, అది రాళ్ల నదిలో రోజూ పనిచేయడం వేరు.

ఈ డిజైన్ గురించి నేను పుస్తకంలో కంటే ఎక్కువ నేర్చుకున్నది ఒక మొరాయించిన పడవ దగ్గర. మా పెద్దమ్మ కొడుకు క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటాడు. మొన్న సెలవుల్లో స్నేహితుడితో కలిసి ఒక పాత జెట్ బోటు కొన్నాడు. మూడు చలికాలాలు షెడ్డులో కదలకుండా పడి ఉన్న సరుకు. తాళం తిప్పితే టక్కుమని ఒక్క శబ్దం, ఇంకేం లేదు. చూసినవాళ్లు ఇంజను పట్టేసింది, విప్పి మళ్లీ కట్టాలంటే పడవ కొన్నంత అవుతుంది, పాత ఇనుముకి ఇచ్చేయమన్నారట. అన్నయ్య నాకు వీడియో కాల్ చేశాడు. ఇక్కడ రాత్రి, అక్కడ తెల్లవారింది.

మొదట బ్యాటరీ చూశాం. ఛార్జ్ అయి ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఉండాలి. ఇది 11 చూపిస్తోంది. వేరే మంచి బ్యాటరీ పెట్టి, తీగల చివర్లు గీకినా అదే టక్కు. ఇంజను ఆయిల్ పుల్ల తీసి చూడమన్నాను. పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లినట్టు. అక్కడి చలికి బ్లాకులో మిగిలిన నీళ్లు గడ్డకట్టి, బ్లాకు పగిలే ప్రమాదం కూడా ఉంది. ఆయిల్ నల్లగానే ఉంది, ఊపిరి పీల్చుకున్నాం. స్పార్క్ ప్లగ్గులన్నీ తీయించాను. సిలిండర్లో నీళ్లుంటే అక్కడ బయటపడతాయి. లేవు. ఒక్కో రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి, గంటసేపు ఆగి, ముందున్న పుల్లీ నట్టుకి పెద్ద స్పానర్ పెట్టి చేత్తో తిప్పమన్నాను. కదల్లేదు.

ఇక్కడే హామిల్టన్ డిజైన్ గుర్తుకు రావాలి. కారుకి క్లచ్ ఉంటుంది, న్యూట్రల్ ఉంటుంది. చాలా జెట్ బోట్లలో అవేవీ ఉండవు. ఇంజను షాఫ్టు నేరుగా పంపు రెక్కకే బిగించి ఉంటుంది. వెనక్కి పోవాలన్నా గేరు మార్చరు, చిమ్మే నీటికి అడ్డంగా ఒక మూత దించి ధారని ముందుకు మళ్లిస్తారు. అంటే పంపు ఇరుక్కుంటే ఇంజనూ ఇరుక్కున్నట్టే కనిపిస్తుంది. మధ్యలో ఉన్న షాఫ్టు జాయింటు బోల్టులు విప్పమన్నాను. విప్పాక అన్నయ్య స్పానర్ తిప్పితే ఇంజను మెత్తగా తిరిగింది. ఫోన్‌లో ఆయన ముఖం చూడాలి!

మిగిలింది పంపు. అందులో చెయ్యి పెట్టేముందు బ్యాటరీ తీగ పూర్తిగా ఊడదీయించాను. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. క్లచ్ లేని యంత్రంలో ఎవరైనా పొరపాటున తాళం తిప్పితే రెక్క తిరుగుతుంది, వేళ్లు మిగలవు. మూత తీసి చూస్తే రెక్కకీ చుట్టూ ఉన్న రింగుకీ మధ్య సన్న ఇసుక సిమెంటులా గట్టిపడి ఉంది, ఒక గులకరాయి చీలకలా దిగి ఉంది. మధ్యాహ్నం దాకా నీళ్లు కొట్టి, చెక్క పుల్లతో గీకి, రాయి లాగాక రెక్క వదులైంది.

తర్వాతవి మనకి తెలిసినవే. ట్యాంకులో పెట్రోలు వార్నిష్ వాసన కొడుతోంది. అది తోడేసి, కార్బ్యురేటర్ విప్పి జెట్లు కడిగారు. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మీద తుప్పుపొరని సన్న ఉప్పుకాగితంతో తీశారు. పడవ అడుగున పెట్రోలు ఆవిరి నిలబడుతుంది కాబట్టి ఇంజను మూత తెరిచి చాలాసేపు గాలి ఆడనిచ్చారు. కూలింగ్‌కి మామూలుగా నది నీళ్లే వస్తాయి, షెడ్డులో నది లేదు కాబట్టి తోట పైపు తగిలించారు. ముందు ఇంజను స్టార్ట్ చేయాలి, ఆ తర్వాతే నీళ్లు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేయాలి. వరస తప్పితే నీళ్లు పొగగొట్టంలోంచి సిలిండర్లోకి ఎక్కొచ్చు. మూడోసారికి దగ్గుతూ అందుకుంది. అర నిమిషం నడిపి ఆపేశారు.

హామిల్టన్ దగ్గరికి వస్తే, 1960లో ఆయన పడవలు అమెరికాలో కొలరాడో నది మీద గ్రాండ్ కాన్యన్‌లో కింద నుంచి పైకి ఎక్కాయి. అంతకుముందు ఎవరూ ఎదురెక్కలేదు. దిగుతూ దారిలో పెట్రోలు దాచుకుంటూ వచ్చి, తర్వాత ఆ పెట్రోలుతోనే తిరిగి ఎక్కారు. నడిపినవాళ్లలో ముఖ్యుడు ఆయన కొడుకు జాన్. 1969లో పెగ్గీ భర్త జీవితాన్ని పుస్తకంగా రాసింది, పేరు వైల్డ్ ఐరిష్‌మన్. అది ఆ కొండల్లో పెరిగే ఒక ముళ్లపొద పేరు కూడా. 1974లో ఆయనకి సర్ బిరుదు వచ్చింది.

మన దేశానికీ ఆయన పడవలు వచ్చాయి. 1977లో ఎడ్మండ్ హిల్లరీ గంగాసాగర్ నుంచి గంగానది మీద ఎదురెక్కుతూ హిమాలయాల దాకా వెళ్లిన యాత్రలో మూడు హామిల్టన్ జెట్ బోట్లున్నాయి. గంగ, కివి, ఎయిర్ ఇండియా అని వాటి పేర్లు. అక్కడా జాన్ ఉన్నాడు. నందప్రయాగ దగ్గర ఒక జలపాతం అడ్డొచ్చేదాకా పడవలు ఆగలేదు. ఆ మరుసటి ఏడాది, 1978 మార్చి 30న, బిల్ హామిల్టన్ కన్నుమూశాడు.