అప్పిచ్చినవారిని మరువని హెర్షీ

చాక్లెట్ వ్యాపారి మిల్టన్ హెర్షీ గురించి ఇక్కడ ఎందుకు రాస్తున్నామని కొందరు అడగవచ్చు. ఆయన ప్రసంగీకుడు కాడు, మిషనరీ కాడు, ఏ సంఘంలోనూ సభ్యుడు కాడు. అయినా మన సంఘాల్లో నలుగురైదుగురిని పెట్టుకుని దుకాణమో వర్క్‌షాపో నడిపే విశ్వాసులున్నారు. బంధువుకు అప్పిచ్చి, అడగలేక, అడగకుండా ఉండలేక, పండుగకు ఒకరింటికి ఒకరు వెళ్లడం మానుకున్న కుటుంబాలూ ఉన్నాయి. ఈ రెండు సంగతులూ కలిసిన జీవితం ఆయనది.

హెర్షీ 1857 సెప్టెంబరు 13న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, డెర్రీ టౌన్‌షిప్‌లో పుట్టాడు. ఇంటివారు మెనోనైట్ రైతు కుటుంబాలవారు. పాలమూరు ప్రాంతంలో మెనోనైట్ బ్రదరెన్ సంఘాలున్నాయి కాబట్టి ఆ పేరు మన పాఠకులకు కొత్త కాదు. కాకపోతే హెర్షీ పూర్వికులది జర్మన్ మాట్లాడే వేరే శాఖ. తల్లి ఫ్యానీ పొదుపరి, కష్టజీవి. తండ్రి హెన్రీకి పుస్తకాలంటే ప్రాణం. రోజుకో కొత్త వ్యాపారం కలగనేవాడు, ఏదీ నిలబెట్టలేకపోయాడు. చివరికి భార్యాభర్తలు వేరువేరుగా బతికారు. కొడుక్కి చదువు సరిగా అబ్బలేదు. ప్రెస్సులో పనికి పెడితే అక్కడా కుదరలేదు. అప్పుడు తల్లి అతన్ని లాంకాస్టర్ పట్టణంలో మిఠాయిలు చేసే జోసెఫ్ రోయర్ దగ్గర చేర్చింది. నాలుగేళ్లు అక్కడ పని నేర్చుకున్నాడు.

1876లో, పందొమ్మిదేళ్లు నిండకముందే, ఫిలడెల్ఫియాలో సొంత దుకాణం తెరిచాడు. పెట్టుబడికి 150 డాలర్లు తల్లి తోడబుట్టిన మార్తా ఇచ్చింది. ఇంట్లో అందరూ ఆమెను మ్యాటీ అని పిలిచేవారు. డబ్బిచ్చి ఊరుకోకుండా ఆమె, ఫ్యానీ కలిసి ఫిలడెల్ఫియా వచ్చి దుకాణంలో కూర్చుని మిఠాయిలకు కాగితాలు చుట్టారు. మా దృష్టిలో బంధువుకు అప్పిచ్చే పద్ధతుల్లో ఇది మేలైనది. డబ్బు ఎటు పోతుందో ఆమె కళ్లారా చూసింది. అది పోయినప్పుడు ఎందుకు పోయిందో కూడా ఆమెకు తెలుసు.

డబ్బు పోయిన మాట నిజమే. ఆరేళ్ల కష్టం తరువాత 1882లో ఆ దుకాణం మూతబడింది. మధ్యలో తండ్రి వచ్చి చేరి తన కొత్త ఆలోచనలకు కొంత సొమ్ము తగలేశాడు. ఊరి నుంచి మేనమామలు అప్పు మీద అప్పు పంపారు. అక్కడి నుంచి హెర్షీ డెన్వర్ వెళ్లి, తాజా పాలతో కారమెల్ మిఠాయి చేయడం నేర్చుకున్నాడు. 1883లో న్యూయార్క్‌లో మళ్లీ మొదలుపెట్టి 1886కల్లా మళ్లీ దివాలా తీశాడు. చేతిలో పైసా లేకుండా లాంకాస్టర్ తిరిగొచ్చేసరికి మేనమామలు ఇక అప్పివ్వమన్నారు. తండ్రి పోలికే కొడుక్కీ వచ్చిందనుకున్నారు.

ఆ మేనమామలను తప్పుపట్టడానికి మాకు మనసొప్పడం లేదు. పదేళ్లపాటు ఇచ్చినవారు వాళ్లు. ఇచ్చేవాడి ఇంట్లోనూ పిల్లలుంటారు, పంటలు పోయే ఏళ్లుంటాయి. ఇక లేదని చెప్పే హక్కు ఇచ్చినవాడికి ఉంది.

అప్పుడు ఆదుకున్నవాడు హ్యారీ లెబ్‌కిచర్. ఫిలడెల్ఫియా దుకాణంలో హెర్షీ కింద పనిచేసిన మనిషి. చితికిపోయిన యజమానిని ఇంటికి తీసుకెళ్లాడు. న్యూయార్క్ నుంచి వచ్చిన మిఠాయి సామాన్లు రైల్వేవారి దగ్గర చిక్కుకుంటే, వాటిని విడిపించడానికి తన జేబులోంచి డబ్బు కట్టాడు. పనివాడు యజమానికి అప్పిచ్చాడన్నమాట! హెర్షీ జీవితంలో తరువాత జరిగినవన్నీ ఆ సామాన్లతోనే మొదలయ్యాయి.

మ్యాటీ ఈసారి తన ఇంటినే హామీగా పెట్టింది. దానిమీద బ్యాంకు నుంచి 700 డాలర్లు వచ్చాయి. గడువు దగ్గరపడినా తీర్చే దారి లేక, హెర్షీ బ్యాంకు క్యాషియర్ ఫ్రాంక్ బ్రెన్నెమన్ దగ్గరికి వెళ్లి గడువు పెంచమన్నాడు, పైగా మరికొంత అప్పు కావాలన్నాడు. బ్రెన్నెమన్ పని జరిగే చోటికి వచ్చి చూశాడు. అదొక పాడుబడ్డ గది. అయినా మనిషి మీద నమ్మకం కుదిరి, బ్యాంకు పెద్దలు ఒప్పుకోరని తెలిసి తన పేరే ఆ నోటు మీద రాశాడు. పొరుగువాని కోసం పూటబడవద్దని సామెతల గ్రంథం పదే పదే హెచ్చరిస్తుందని మాకు తెలుసు. ఆ హెచ్చరికను తేలిక చేయబోము. బ్రెన్నెమన్ చేసిన పని ప్రతివారూ చేయదగినది కాదు. గడువులోగా ఇంగ్లండ్ వర్తకుడి దగ్గర నుంచి 500 పౌండ్ల చెక్కు రాకపోయి ఉంటే, ఆ నోటు ఆయన మెడకు చుట్టుకునేది.

చెక్కు వచ్చింది, అప్పులు తీరాయి. లాంకాస్టర్ కారమెల్ కంపెనీ నిలబడింది. 1900లో హెర్షీ దాన్ని పది లక్షల డాలర్లకు అమ్మి, చాక్లెట్ మీదికి దృష్టి మళ్లించాడు. 1903లో తాను పుట్టిన డెర్రీ పొలాల మధ్యనే ఫ్యాక్టరీ కట్టడం మొదలుపెట్టాడు. పాలు దొరికేది అక్కడే. ఫ్యాక్టరీతోపాటు ఒక ఊరే లేచింది: ఇళ్లు, ట్రామ్, పార్కు, బ్యాంకు.

మ్యాటీ ఆ ఫ్యాక్టరీ చూడకుండానే కన్నుమూసింది. మిగిలినవారిని హెర్షీ విడువలేదు. లెబ్‌కిచర్‌ను కడదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. తన సొమ్ము తగలేసిన తండ్రి కోసం, ఎన్నడో చేయి దాటిపోయిన పాత ఇంటిని తిరిగి కొని అక్కడ కాపురం పెట్టించాడు. 1904లో చనిపోయేదాకా ఆ తండ్రి అక్కడే తన పుస్తకాల మధ్య బతికాడు. తండ్రి బాకీని పద్దులోంచి కొట్టేయడం సులువే. ముఖం చూసి కొట్టేయడం కష్టం.

భార్య క్యాథరీన్‌తో ఆయనకు పిల్లలు కలగలేదు. 1909లో ఇద్దరూ కలిసి తండ్రిలేని బాలుర కోసం బడి పెట్టారు. అందులో చేర్చుకునేది తెల్లజాతి పిల్లలనే అని పత్రంలో రాశారు. ఆ మాట దాచి ఆయనను పొగడలేము. క్యాథరీన్ 1915లో చనిపోయింది. మూడేళ్లకు, 1918లో, సుమారు ఆరు కోట్ల డాలర్ల విలువైన కంపెనీ వాటాలను ఆ బడి ట్రస్టుకు రాసిచ్చాడు. 1923 వరకు ఆ సంగతి బయట ఎవరికీ తెలియదు.

1930ల ఆర్థిక మాంద్యంలో, ఇతర చోట్ల ఫ్యాక్టరీలు మూతబడుతుంటే, ఆయన హోటలు, కమ్యూనిటీ భవనం, బడి భవనాలు కట్టించి సుమారు 600 మందికి పని చూపించాడు. నలభై మంది పని ఒక్క యంత్రం చేస్తోందని మేస్త్రీ సంబరపడితే, యంత్రం తీసేసి ఆ నలభై మందిని పెట్టుకోమన్నాడని చెబుతారు.

ఇంత చేసిన మనిషి ఫ్యాక్టరీలోనే 1937 ఏప్రిల్‌లో సమ్మె జరిగింది. కార్మికులు పని ఆపి లోపలే కూర్చున్నారు. పాలు కొనేవారు లేక నష్టపోయిన రైతులు, సమ్మెకు ఒప్పుకోని కార్మికులు కర్రలు పట్టుకుని లోపలికి చొరబడ్డారు. బయటికి వచ్చినవారిని వచ్చినట్టే కొట్టారు. అప్పటికి హెర్షీకి డెబ్బై తొమ్మిదేళ్లు. తన ఊరిలో తన మనుషులే ఒకరినొకరు కొట్టుకోవడం చూసి కుంగిపోయాడు.

ఆయన బాధ మాకు అర్థమవుతుంది. ఇల్లిచ్చాను, పార్కిచ్చాను, గడ్డు రోజుల్లో పని ఇచ్చాను, నా మీదే తిరగబడతారా అని ఏ యజమానికైనా అనిపిస్తుంది. అయితే లెబ్‌కిచర్‌కు, మ్యాటీకి తాను ఋణపడ్డానని ఎరిగిన మనిషి, తన కార్మికులు తనకు ఋణపడ్డారనుకోవడం మొదలుపెట్టిన చోట లెక్క తప్పింది. ఆ ఊరికి మేయరు లేడు, ఎన్నికైన పాలకవర్గం లేదు. ఇచ్చేది ఆయనే, నిర్ణయించేదీ ఆయనే. కార్మికుడు అడిగింది కానుక కాదు, తన జీతం గురించి తానూ మాట్లాడే హక్కు. కోతవారి కూలి గురించి యాకోబు పత్రిక చెప్పేది కూడా బాకీ గురించే, దానం గురించి కాదు. దీపావళికి మిఠాయి డబ్బా, క్రిస్మస్‌కు కొత్త బట్టలు ఇచ్చే మన యజమానులు కూడా వాటిని జీతం పద్దులో రాసుకోకుండా ఉంటే మంచిది.

రెండేళ్లకు, 1939లో, కార్మికులు ఓటు వేసి తమ యూనియన్‌ను ఎన్నుకున్నారు. కంపెనీ దానితో కూర్చుని మాట్లాడింది. ఫ్యాక్టరీ నడిచింది. హెర్షీ 1945 అక్టోబరు 13న ఎనభై ఎనిమిదేళ్ల వయసులో చనిపోయాడు. ఊరి మధ్య ఉన్న తన పెద్ద ఇంటిని 1930లోనే ఊరి క్లబ్బుకు ఇచ్చేసి, మేడమీద రెండు గదులు మాత్రం తనకు ఉంచుకున్నాడు.