కొల్విన్ డిసిల్వా: తన హెచ్చరికను తానే దాటేసిన రాజ్యాంగ రచయిత

1956లో సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసే బిల్లు సిలోన్ పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు, దాన్ని గట్టిగా వ్యతిరేకించిన సింహళ నాయకుల్లో కొల్విన్ ఆర్. డిసిల్వా ఒకరు. ఒకే భాషకు పట్టం కడితే దేశం రెండుగా చీలుతుందని ఆయన సభలోనే హెచ్చరించారు. పదహారేళ్ల తర్వాత అదే భాషా విధానాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించారు. ఆ రాజ్యాంగాన్ని తయారు చేయించిన మంత్రి కూడా ఆయనే.

ఆయన్ను అవకాశవాది అని తేల్చేయడం తేలిక. ఆ జీవితం మాత్రం అంత తేలిగ్గా ఆ మాటలో ఇమడదు. 1907లో దక్షిణ తీరంలోని బలపిటియలో పుట్టారు. లండన్ కింగ్స్ కాలేజీలో సిలోన్‌లో బ్రిటిష్ పాలన చరిత్రపై డాక్టరేట్ చేశారు. 1935లో మిత్రులతో కలిసి లంక సమసమాజ పార్టీని స్థాపించారు. యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు 1940లో జైలు పాలయ్యారు. 1942లో క్యాండీలోని బోగంబర జైలు నుంచి సహచరులతో కలిసి తప్పించుకుని భారత్ చేరారు. క్విట్ ఇండియా రోజుల్లో ఇక్కడి ట్రాట్‌స్కీయిస్టులతో కలిసి రహస్యంగా పనిచేశారు. స్వాతంత్ర్యం వచ్చాక సిలోన్ ప్రభుత్వం తేయాకు తోటల్లోని భారత సంతతి కూలీల పౌరసత్వాన్ని తీసేస్తే, ఆయన పార్టీ ఎదురు నిలిచింది.

న్యాయవాదిగా ఆయన పేరు ఇంటింటికీ తెలుసు. భార్యను హత్య చేశాడన్న కేసులో క్రికెటర్ మహదేవ సదాశివం 1953లో నిర్దోషిగా బయటపడ్డారంటే, అందులో కొల్విన్ వాదన బలం చాలా ఉంది. సాక్షి చెప్పిన దాంట్లో ఒక్క పగులు దొరికితే చాలు, కేసు మొత్తాన్ని అక్కడి నుంచే విప్పేవారు.

అలాంటి లాయరు కంట బ్రిటన్ ఇచ్చివెళ్లిన సోల్బరీ రాజ్యాంగంలోని పగులు పడకపోదు. అది లండన్‌లో తయారైన పత్రం. దేశాధినేత బ్రిటిష్ రాణి, చివరి అప్పీలు ప్రీవీ కౌన్సిల్‌కు. ఒక మతానికో జాతికో నష్టం చేసే చట్టాలు కూడదని దాని 29వ సెక్షన్ చెప్పేది. ఆ రక్షణను మార్చడానికి వీల్లేదన్నట్టు 1964లో ప్రీవీ కౌన్సిల్ వ్యాఖ్యానించింది కూడా. నిజానికి తోట కూలీల పౌరసత్వం పోయినప్పుడు ఈ సెక్షన్ అడ్డురాలేదు. దాని వల్ల మైనారిటీలకు ఒరిగిందేమీ లేదన్న కొల్విన్ వాదనకు ఆ మేరకు ఆధారం ఉంది.

అయితే ఇందులో ఇంకో కోణం కూడా ఉంది. సింహళ పరీక్ష రాయనందుకు జీతం పెంపు ఆగిపోయిన కోడీశ్వరన్ అనే తమిళ ప్రభుత్వోద్యోగి కోర్టుకెక్కాడు. 1956 భాషా చట్టం 29వ సెక్షన్‌కు విరుద్ధమని 1964లో జిల్లా జడ్జి తీర్పిచ్చారు. పై కోర్టు వేరే కారణంతో దాన్ని కొట్టేసింది. 1969లో ప్రీవీ కౌన్సిల్ ఆ కారణం చెల్లదంటూ, చట్టం చెల్లుబాటును తేల్చమని కేసును వెనక్కి పంపింది. అది తేలక ముందే రాజ్యాంగమే మారిపోయింది. పనికిరాదన్న సెక్షన్ అప్పటికి ఒక ఉద్యోగి చేతిలో పదునెక్కుతూ ఉంది.

1970 ఎన్నికల్లో సిరిమావో బండారనాయకే నేతృత్వంలోని ఐక్య సంఘటన 151 స్థానాల్లో 116 గెలిచింది. సమసమాజ పార్టీ వాటా 19. ఈ పొత్తు బాటలోనే ఆ పార్టీ చాలా వదులుకుంది. 1964లో సిరిమావో ప్రభుత్వంలో చేరి నాలుగో ఇంటర్నేషనల్ నుంచి బహిష్కరణకు గురైంది. 1966లో తమిళానికి పరిమిత వాడుక కల్పించే నిబంధనలు వస్తే వాటినీ వ్యతిరేకించింది. కొల్విన్ రాజ్యాంగ వ్యవహారాల మంత్రి అయ్యేనాటికి ఆ మెట్లన్నీ దిగడం అయిపోయింది.

మూడింట రెండొంతుల బలం ఉన్నా పాత రాజ్యాంగాన్ని సవరించే దారి ఆయన ఎంచుకోలేదు. సవరణ చేస్తే కొత్త శాసనానికీ బ్రిటిష్ మూలమే ఉంటుంది, 29వ సెక్షనూ వెంటాడుతుంది. అందుకే ఎంపీలందరినీ పార్లమెంటు భవనం బయట, కొలంబోలోని నవరంగహల హాలులో రాజ్యాంగ సభగా కూర్చోబెట్టారు. ప్రజల నుంచి నేరుగా అధికారం తీసుకుంటున్నామన్నది సిద్ధాంతం. కానీ కూర్చున్నది ఆ ఎంపీలే, వాళ్ల లెక్కలూ ఆ పార్లమెంటు లెక్కలే. ఫెడరల్ పార్టీ మొదట్లో పాల్గొంది. ఫెడరల్ వ్యవస్థ కోరింది, కాదన్నారు. భాష విషయంలోనూ కాదన్నాక 1971లో బయటికి వెళ్లిపోయింది. 1972 మే 22న 119–16 ఓట్లతో రాజ్యాంగం ఆమోదం పొందింది. దేశం శ్రీలంక గణతంత్రమైంది.

ప్రాథమిక హక్కుల అధ్యాయం వచ్చింది. 29వ సెక్షన్ పోయింది. ఏకకేంద్ర రాజ్యం, సింహళం అధికార భాష, బౌద్ధానికి అగ్రస్థానం వచ్చాయి. తనకైతే లౌకిక రాజ్యమే ఇష్టమనీ, రాజ్యాంగాలను మంత్రి ఒక్కడే రాయడనీ కొల్విన్ తర్వాతి కాలంలో వివరించారు. అమల్లోకి వచ్చిన చట్టాన్ని కోర్టులు కొట్టేయకుండా తలుపు మూసేశారు. ఆ మరుసటి ఏడాదే భారత సుప్రీంకోర్టు కేశవానంద భారతి కేసులో, రాజ్యాంగ మౌలిక స్వరూపం జోలికి పార్లమెంటు పోరాదని తేల్చింది. పాక్ జలసంధికి ఆ ఒడ్డున చట్టసభే సర్వోన్నతమైంది. 1970లో గెలిచిన సభ్యులు కొత్త రాజ్యాంగం కింద తమకు తామే 1972 నుంచి మరో అయిదేళ్లు రాసుకున్నారు కూడా. ఇది చిన్న నిబంధనలా కనిపిస్తుంది గానీ, తర్వాత జరిగినవి చూస్తే అన్నిటికంటే ఖరీదైనది ఇదేనని నాకనిపిస్తుంది.

ఫెడరల్ పార్టీ నేత చెల్వనాయకం నిరసనగా ఎంపీ పదవి వదిలేసి, తన నిర్ణయంపై ప్రజల తీర్పు కోరారు. ఆ ఉపఎన్నిక 1975 దాకా జరగలేదు. జరిగాక ఆయనే గెలిచారు. 1976లో వడ్డుకోడ్డైలో తమిళ నాయకత్వం ప్రత్యేక రాజ్యం కావాలని తీర్మానించింది. ఈలోగా, 1975లో, సమసమాజ పార్టీ మంత్రులను ప్రభుత్వం నుంచి సాగనంపారు.

1977లో జె.ఆర్. జయవర్ధనే 168 స్థానాల్లో 140 గెలిచారు. సమసమాజ పార్టీకి ఒక్క సీటూ రాలేదు, కొల్విన్ కూడా ఓడిపోయారు. భారీ మెజారిటీ ఉంటే రాజ్యాంగాన్నే మార్చేయవచ్చన్న దారి అప్పటికే వేసి ఉంది. 1978 సెప్టెంబరులో, ఆరేళ్లు నిండీ నిండగానే, కొల్విన్ రాజ్యాంగం పోయి అధ్యక్ష పాలన రాజ్యాంగం వచ్చింది. 1982లో కొల్విన్ అధ్యక్ష పదవికి పోటీ చేస్తే ఒక శాతం ఓట్లు కూడా పడలేదు. అదే ఏడాది చివర జయవర్ధనే సాధారణ ఎన్నికలు పెట్టకుండా, రిఫరెండంతో పార్లమెంటు గడువును మరో ఆరేళ్లు పొడిగించుకున్నారు.

1987లో భారత్‌తో ఒప్పందం తర్వాత 13వ సవరణ తమిళాన్ని కూడా అధికార భాష చేసింది. అప్పటికి ఉత్తరాన యుద్ధం సాగుతోంది. 1977 తర్వాత తొలి పార్లమెంటు ఎన్నికలు 1989 ఫిబ్రవరిలో జరిగాయి. ఆ నెలలోనే కొల్విన్ కన్నుమూశారు.