ఇల్లాలికి వచ్చిన పిలుపు

గుణదల కొండకు మీరు ఏటా వెళ్తారు. గుంటూరు దాటి ఫిరంగిపురం బాలయేసు దేవాలయానికీ వెళ్ళే ఉంటారు. ఆ దేవాలయం కట్టకముందే, 1822లో, ఆ ఊళ్ళో తాటిపత్రి జ్ఞానమ్మగారు జన్మించారు.

ఆమె మీ ఇంటి తల్లివంటివారే. పెళ్ళయింది, ఐదుగురు కుమారులు కలిగారు, భర్త మరణించారు. ఆ రోజుల్లో విధవరాలు ఇంటి మూలన ఉండవలసిందే. క్రైస్తవుల ఇళ్ళలోనూ అంతే, దాచడమెందుకు? భర్తను పోగొట్టుకున్న తల్లిని శుభకార్యంలో వెనక్కి నెట్టే ఇళ్ళు ఇప్పటికీ మన విచారణలలో లేవా?

దేవుడు మాత్రం ఆమెకు అప్పుడే పని చూపాడు. మద్రాసుకు పడమర, తెలుగు కతోలికులున్న కీలచ్చేరిలో, 1863లో ఆమె ఆడపిల్లలకు బడి తెరిచారు. ఆడపిల్లకు చదువెందుకన్న కాలమది. ఐదుగురిని పెంచిన తల్లి కనుకనే ఊరివారు తమ బిడ్డలను నమ్మి పంపారేమో!

ఆ సేవనుండే పునీత అన్నమ్మ మఠకన్యల సభ పుట్టింది. మరియమాతను కన్న తల్లి పేరు దానికి ఎంత తగినదో చూడండి. జ్ఞానమ్మగారు 1874 డిసెంబరు 21న కన్నుమూశారు. 2014లో ఆమెకు దైవసేవకురాలన్న పేరు దక్కింది. ఆమె పుట్టిన ఫిరంగిపురంలోనూ పునీత అన్నమ్మ మఠకన్యలు ఆడపిల్లలకు బడి నడుపుతూ వచ్చారు.