మార్క్ డోనహ్యూ

పందెపు కార్లు నడిపేవారిలో పట్టభద్రులు అరుదు. 1937లో అమెరికాలో జన్మించిన డోనహ్యూ బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు పట్టభద్రుడు. ఎనిమిది సిలిండర్ల షెవర్లే కమారోతో 1968, 1969 ట్రాన్స్-యామ్ పోటీలలో జయభేరి మ్రోగించాడు. పిదప టర్బో వైపు మొగ్గాడు.

ఇంజను నుండి వృథాగా వెలువడే వాయువులచే చక్రం త్రిప్పించి, ఇంజనులోకి అధికంగా గాలిని నెట్టే సాధనమే టర్బో. చిక్కల్లా, త్రొక్కిన క్షణాన కాక కొంత తడవు ఆగి శక్తి విరుచుకుపడుతుంది. మలుపులో అది ప్రాణాంతకం. పోర్షే ఇంజనీర్లతో కలిసి ఆ జాప్యాన్ని తగ్గించేందుకు డోనహ్యూ పాటుపడ్డాడు. 1973లో సుమారు 1,100 అశ్వశక్తి గల 917/30తో కాన్-యామ్ విజేత అయ్యాడు. అంతటితో పందేలకు స్వస్తి చెప్పాడు, కాని నిలువలేకపోయాడు.

1975 ఆగస్టు 9న టాలడేగాలో అదే కారుతో గంటకు 355 కిలోమీటర్లు దాటి రికార్డు నెలకొల్పాడు. ఎనిమిది దినాలకే ఆస్ట్రియాలో, అభ్యాస వేళ వేరొక కారు టైరు చెడి ప్రమాదానికి గురయ్యాడు. ఆగస్టు 19న గ్రాజ్ నగరంలో కన్నుమూశాడు.