కాషాయం కట్టిన అణుశాస్త్రజ్ఞుడు – స్వామి జ్ఞానానంద

ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంతంతో సంబంధం ఉన్న ఒక మహనీయుని గురించి రాయమని సంపాదకవర్గం వారు కోరగానే నాకు స్వామి జ్ఞానానంద గారు మనసులో మెదిలారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని అణు పరిశోధనశాలలకు ఉన్నది ఆయన పేరే. నేను ఉద్యోగరీత్యా విశాఖపట్నం వచ్చింది 1971లో. అప్పటికే ఆయన గతించి రెండేళ్ళయింది. ఆ పేరు వింటే ఎవరో ఆశ్రమ స్వామివారు కాబోలు అనుకునేవాణ్ణి. నేను చదివింది బి.కాం., చేసింది గుమాస్తాగిరీ. అణువులతో నాకేం పని?

ఆయన అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5న భీమవరం దగ్గర గొరగనమూడిలో జన్మించారు. వయసులో ఉండగానే ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్ళి, ఏళ్ళ తరబడి యోగసాధన చేశారు. 1927లో జర్మనీ వెళ్ళి అక్కడ యోగం మీద, వేదాంతం మీద ఉపన్యాసాలిచ్చారు. అక్కడే ఆయన మనసు భౌతికశాస్త్రం వైపు తిరిగింది. ముప్పై దాటిన సన్యాసి డ్రెస్డెన్‌లో విద్యార్థిగా చేరి గణితం, భౌతికం మొదటి నుంచి చదువుకున్నారు. తరువాత ప్రేగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్ కిరణాల మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. అక్కడి నుంచి ఇంగ్లండు వెళ్ళి, లివర్‌పూల్‌లో జేమ్స్ చాడ్విక్ వద్ద బీటా కిరణాల మీద పనిచేసి మరో డాక్టరేటు తెచ్చుకున్నారు.

ఈ బీటా కిరణాల సంగతి నాకు బి.ఎస్సీ. చదువుతున్న మా మనవరాలు చెప్పింది. దాని మాటలు విన్నాక ఇది మన క్యాష్‌బుక్ వ్యవహారమే అనిపించింది.

కొన్ని పరమాణువుల కేంద్రకాలు తమంత తాముగా ఒక ఎలక్ట్రానును బయటికి విసిరి వేరే మూలకంగా మారిపోతాయి. మారకముందు ఎంత శక్తి ఉందో, మారిన తరువాతా మొత్తం అంతే ఉండాలి. ఓపెనింగ్ బ్యాలెన్సుకీ క్లోజింగ్ బ్యాలెన్సుకీ పొత్తు కుదరాలి. రెండో నియమం ద్రవ్యవేగానిది. మన ఫిషింగ్ హార్బరులో పడవ మీద నుంచి గట్టు మీదికి దూకితే పడవ వెనక్కి జరుగుతుంది కదా. అలాగే ఎలక్ట్రాను ముందుకు పోతే కేంద్రకం వెనక్కి తన్నుకోవాలి. పుచ్చుకునేవారు ఇద్దరే అయితే ఈ రెండు నియమాలు కలిసి ఎవరి వాటా ఎంతో ఖచ్చితంగా తేల్చేస్తాయి. కేంద్రకం బహు బరువైనది గనుక దానికి దక్కే శక్తి నామమాత్రం. దాదాపు అంతా ఎలక్ట్రానుకే పోవాలి, ప్రతిసారీ ఒకే మొత్తం రావాలి.

అలా రాలేదు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వచ్చింది. దీన్ని 1914లో బెర్లిన్‌లో కనిపెట్టింది ఆ చాడ్విక్ గారే. 1927లో, అంటే మన స్వామి జర్మనీ చేరిన ఏడే, కేంబ్రిడ్జిలో ఎలిస్, వూస్టర్ అనే ఇద్దరు బిస్మత్-210 నుంచి వచ్చే వేడిని కొలిచారు. ఎలక్ట్రానుకు గరిష్ఠంగా రావలసింది సుమారు 10 లక్షల 50 వేల ఎలక్ట్రాన్ వోల్టులు. సగటున లెక్కకు వచ్చింది సుమారు 3 లక్షల 40 వేలు. మిగతాది వేడి రూపంలో కూడా కనిపించలేదు.

నీల్స్ బోర్ అంతటివారే కేంద్రకం దగ్గర శక్తి నియమం వర్తించదేమో అని సందేహించారు. పౌలీ అనే శాస్త్రజ్ఞుడు మాత్రం 1930లో, పుచ్చుకుంటున్న మూడోవాడు ఒకడున్నాడు, వాడికి విద్యుదావేశం లేదు గనుక మనకు కనిపించడం లేదు అన్నారు. ముగ్గురు పంచుకుంటే ఎలక్ట్రాను వాటా ప్రతిసారీ మారడం సహజమే. తరువాత దానికి న్యూట్రినో అని పేరు వచ్చింది. మన భాషలో చెప్పాలంటే పౌలీ తేడాను సస్పెన్స్ అకౌంట్‌లో వేశారు. 1956లో అమెరికాలో రైనెస్, కోవాన్ అణు రియాక్టరు దగ్గర న్యూట్రినోను పట్టుకున్నాకే ఆ పద్దు తీరింది. ఇరవయ్యారేళ్ళు!

బీటా కిరణాలను కొలవడం ఓపికతో కూడిన పని. ఎలక్ట్రానును అయస్కాంతం మధ్యకు పంపి, ఎంత వంగిందో చూస్తే దాని ద్రవ్యవేగం తెలుస్తుంది, దాని నుంచి శక్తి తెలుస్తుంది. దారిలో గాలి ఉంటే శక్తి అందులో పోయి లెక్క తప్పుతుంది. కనుక గాలిని పూర్తిగా తోడేయాలి. ఆ శూన్యాన్ని సాధించే విద్య మీద స్వామి ఇంగ్లీషులో రాసిన హై వేక్యువా అనే పెద్ద గ్రంథం 1947లో అమెరికాలో అచ్చయింది.

ఆ ఏడే స్వదేశానికి వచ్చి ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరారు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి ఇక్కడ అణుభౌతిక శాఖకు ప్రాణం పోశారు. 1965లో రిటైరయ్యారు. 1969 సెప్టెంబరు 21న పరమపదించారు.

ఇదంతా తెలిశాక నా పాత తప్పు ఒకటి గుర్తుకు వచ్చింది. నేను క్యాషు చూసే రోజుల్లో ఒకసారి 240 రూపాయలు తేడా వచ్చింది. జేబులోంచి కట్టాను. మా అటెండరు తీశాడని మనసులో పెట్టుకుని, అతనితో మాటలు తగ్గించేశాను. ఎదురుగా కనిపించేది అతనొక్కడే మరి. మూడు నెలలకు రెండు ఫైళ్ళ మధ్య ఇరుక్కున్న ఓచరు దొరికింది. అప్పటికి అతనికి బదిలీ అయిపోయింది. ఉత్తరం రాద్దామనుకుంటూనే వాయిదా వేశాను. తరువాత అతను పోయాడని తెలిసింది.

లెక్క కుదరనప్పుడు నియమాన్నీ తప్పుపట్టకూడదు, కంటికి కనిపించినవాణ్ణీ దొంగనకూడదు. కనిపించనిదేదో ఉందేమోనని వెతకాలి. అటువంటి కొలతల్లో ఏళ్ళు గడిపిన మహనీయుడు మన ఊళ్ళోనే పాఠం చెప్పారు. మీ ఇంట్లో సైన్సు చదివే పిల్లలుంటే ఆయన పేరు చెప్పండి. అటెండరు సంగతి నేను మా మనవరాలికి చెప్పేశాను.

సెలవు.