యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగస్టు 1948) ప్రపంచ ప్రసిద్ధి చెందిన తెలుగు వైద్య శాస్త్రజ్ఞుడు. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, రక్త క్యాన్సరుకు వాడిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ ఔషధాలు, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, బోదకాలుకు వాడే హెట్రజాన్ ఈయన నడిపిన పరిశోధనా విభాగం నుండి వెలువడినవే. ఈ ఔషధాలు అసంఖ్యాక రోగుల ప్రాణాలు నిలిపాయి. అయితే రోగనిరోధక శక్తిని తగ్గించే చికిత్సలు పెరిగిన కొద్దీ, బలహీనులను మాత్రమే పట్టి పీడించే అవకాశవాద శిలీంధ్ర వ్యాధులు వైద్యులకు కొత్త సమస్యగా పరిణమించాయి. ఆ వ్యాధుల చరిత్ర తెలుసుకొనడానికి కూడా ఈయన జీవితం ఉపకరిస్తుంది.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. కుటుంబం పేదది. బాల్యంలోనే డబ్బు సంపాదించాలని కాశీకి బయలుదేరగా, ఇంటివారు వెనుకకు తీసుకొని వచ్చారు. రాజమండ్రిలో చదివి, మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో, మద్రాసు వైద్య కళాశాలలో చదివాడు. గాంధీజీ పిలుపు ననుసరించి శస్త్రచికిత్స తరగతులకు సైతం ఖద్దరు ధరించడంతో ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది.

ఈయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. ఆహార సారం ఒంటబట్టక రోగి క్షీణించిపోయే ఈ వ్యాధిలో తీవ్రమైన రక్తహీనత కలుగుతుంది. ఆ రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం పనిచేస్తుందని 1940లలో నిరూపితమైంది.

అమెరికాలో పరిశోధనలు

కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించిన సుబ్బారావు, మామగారి సాయంతోను, కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయంతోను 1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరాడు. తరువాత స్వదేశానికి తిరిగి రాలేదు. హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, కణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని 1929లోను వీరు వెల్లడించారు. 1930లో డాక్టరేటు పొందినా, హార్వర్డులో శాశ్వత ఉద్యోగం లభించలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలలో చేరి, అనతికాలంలో పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యాడు.

ఈయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణను ప్రకటించింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సరు కణాలు పెరగడానికి ఈ విటమిను తోడ్పడుతుందని గ్రహించి, దానిని అడ్డుకునే పదార్థాలను ప్రయోగించదలచాడు. లెడర్లే అందజేసిన అమినోప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. 1948 జూన్‌లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. క్యాన్సరు ఔషధ చికిత్సకు ఇది తొలి మెట్లలో ఒకటి. అదే సంవత్సరం, బెంజమిన్ డుగ్గర్ మిస్సోరి మట్టి నుండి వేరుచేసిన ఆరియోమైసిన్ వైద్య లోకానికి పరిచయమైంది. టెట్రాసైక్లిన్ తరగతి మందులలో ఇదే మొదటిది.

శిలీంధ్ర వ్యాధులతో సంబంధం

శిలీంధ్ర బీజాలు గాలిలో, మట్టిలో ఎల్లెడలా ఉంటాయి. కాండిడా అనే శిలీంధ్రం ఆరోగ్యవంతుల నోటిలోను, ప్రేగులలోను సహజంగానే నివసిస్తుంది. శరీర రక్షణ వ్యవస్థ బలంగా ఉన్నంత కాలం వీటి వలన పెద్దగా హాని ఉండదు.

ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు, వేగంగా విభజన చెందే కణాలన్నిటినీ దెబ్బతీస్తాయి. క్యాన్సరు కణాలతో పాటు ఎముక మజ్జ కూడా దెబ్బతిని, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల సంఖ్య పడిపోతుంది. కాండిడా, ఆస్పర్‌జిల్లస్ వంటి శిలీంధ్రాలను నిర్మూలించే ముఖ్య రక్షకులు ఈ కణాలే. నోటిలోను, ప్రేగులలోను పలుచని పొర పుండుపడితే, ఆ దారిన కాండిడా రక్తంలోకి ప్రవేశించగలదు. ఆరియోమైసిన్ వంటి మందులు బాక్టీరియాను అణచివేయడంతో, వాటితో పోటీ తప్పిన కాండిడా వృద్ధి చెందుతుంది.

శిలీంధ్ర కణాల నిర్మాణం మానవ కణాలను పోలి ఉంటుంది. అందువలన రోగికి హాని లేకుండా శిలీంధ్రాన్ని మాత్రమే చంపే మందు దొరకడం కష్టం. ఎలిజబెత్ హేజెన్, రేచల్ బ్రౌన్ 1950లో నిస్టాటిన్‌ను ప్రకటించారు. ఆంఫోటెరిసిన్-బి కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది. ఆరియోమైసిన్ వలెనే ఈ రెండు మందులూ స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బాక్టీరియా నుండి లభించినవే.

2021లో కోవిడ్ రెండవ ఉధృతి సమయంలో తెలుగువారు ఈ వ్యాధుల తీవ్రతను ప్రత్యక్షంగా చూశారు. అదుపు తప్పిన మధుమేహం, స్టెరాయిడ్ల వాడకం కారణంగా అనేకులకు మ్యూకర్‌మైకోసిస్ సోకింది. ప్రజలు దీనిని బ్లాక్ ఫంగస్ అని పిలిచారు. సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రిలోను, హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రిలోను రోగులకు చికిత్స జరిగింది. కుళ్ళిన కణజాలాన్ని శస్త్రచికిత్సతో తొలగించి, ఆంఫోటెరిసిన్-బి ఇచ్చేవారు. ఆ మందుకు అప్పట్లో తీవ్రమైన కొరత ఏర్పడింది.

మరణం, స్మృతి

సుబ్బారావు 1948 ఆగస్టులో 53వ యేట గుండెపోటుతో మరణించాడు. ఫార్బర్ ఫలితాలు వెలువడి అప్పటికి రెండు నెలలే అయింది. ఈయన బృందపు కృషికి కొనసాగింపైన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సరుకు, కీళ్ళవాతానికి వాడుకలో ఉంది. దానిని వాడే రోగులలో అంటువ్యాధుల లక్షణాలను, రక్తకణాల సంఖ్యను గమనించడం చికిత్సలో భాగం.

1953లో క్లిఫర్డ్ హెసెల్‌టైన్ ఒక కొత్త శిలీంధ్ర ప్రజాతికి ఈయన గౌరవార్థం సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టాడు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఈయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.